కింది వాక్యాలను కలుపుము

గ్రిమ్స్‌బీలో మంగళవారం సాయంత్రం ఆరున్నరకి
లైబ్రరీ మేడమీద గదిలో
హీటరు దగ్గుతుంది, కానీ వెచ్చబడదు.
చూశారా, మధ్యలో ఒక ‘కానీ’ వేశాను.
పోయిన నెలదాకా నా దగ్గర అది లేదు.

పన్నెండేళ్ళుగా చేపల ఫ్యాక్టరీలో
నా చెవినపడ్డ ఇంగ్లీషంతా ఆజ్ఞలే.
కడుగు. కొయ్యి. తొందరగా. గ్లవ్స్ తియ్యకు.
సూపర్‌వైజరు కర్తని ఎప్పుడూ పలకడు,
కర్త నేనేనని ఇద్దరికీ తెలుసు.
దాన్ని ఇంపరేటివ్ అంటారని
మిసెస్ బ్లాంచర్డ్ బోర్డుమీద రాసినరోజు నవ్వొచ్చింది,
ఇన్నేళ్ళు కాపురమున్న వీధికి
ఇవాళెవరో పేరుపలక పాతినట్టు.

హేమిన్‌వి అన్నీ ఆశ్చర్యార్థకాలు.
శనివారాలు రేడియోలో మ్యాచ్ వింటూ గడ్డాలు గీస్తాడు.
ఏం గోలు! ఏం ఖర్మ!
కుర్చీలోవాళ్ళు కదిలినా కత్తి కదలదట.

టెస్ఫాలెంకి దక్కినవన్నీ ప్రశ్నలు.
ఏ ఊరు? ఏ తేదీ? ఎవరు చూశారు?
ఒక జవాబు చెప్తే దానిమీద ఇంకో ప్రశ్న మొలిచేది.
ఇప్పటికీ ఎవరైనా ‘బాగున్నావా’ అంటే
జేబులో కాగితాలు తడుముకుంటాడు.

మిసెస్ బ్లాంచర్డ్ వాళ్ళమ్మ పెరట్లో వలలల్లేది.
అందుకని ఆవిడ నారింజరంగు నైలాను తాడు తెచ్చి
ముడులు వేసి చూపిస్తుంది.
ఇది అండ్, దేన్ని దేనికైనా కట్టొచ్చు.
ఇది బట్, తాడు ఇక్కడ వెనక్కి తిరుగుతుంది.
ఆల్దో ముడి నాకు మూడువారాలు పట్టింది.
బికాజ్‌ని గట్టిగా లాగి చూసుకోండి, అంది,
అందరూ నమ్మేది దాన్నే, ముందు జారేదీ అదే.

ఒక ప్రయాణం గురించి రాయమంది.
నేను ప్లొవ్‌దివ్ నుంచి బస్సులో వచ్చింది రాశాను,
ఎనిమిది అండ్‌లు వాడాను, మూడు కొట్టేసింది.
టెస్ఫాలెం రాసింది ఇది:

పడవ చిన్నది.
మేము డెబ్భైమంది.
అది రాత్రి.
తమ్ముడు నా పక్కన కూర్చున్నాడు.
తెల్లవారింది.
నేను నీళ్ళు తాగాను.

కింద ఎర్రసిరాతో ఆవిడ:
బాగుంది. ఇప్పుడు వీటిని కలుపు.

వాడు కలపబోయాడు.
‘తమ్ముడు నా పక్కన కూర్చున్నాడు బట్’ అని రాసి
అక్కడే ఉండిపోయాడు,
పెన్ను మొన కింద సిరా పేలగింజంత ఊరింది.
నాకు నోరూరుకోదు కదా.
అండ్ పెట్టు, పనైపోతుంది, అన్నాను గుసగుసగా.
తలెత్తకుండానే చెప్పాడు:
అండ్ పెడితే
వాడూ తెల్లవారడమూ ఒకే బెంచీమీద కూర్చుంటారు.
బికాజ్ పెడితే
ఆ నీళ్ళు నేనెందుకు తాగానో చెప్పాలి.

మిసెస్ బ్లాంచర్డ్ ఎప్పుడొచ్చి నిలబడిందో మాకు తెలీదు.
కళ్ళజోడు నుదుటిమీదికి తోసి
కాగితం కళ్ళదాకా తెచ్చుకుని రెండుసార్లు చదివింది.
తర్వాత అదే ఎర్రపెన్నుతో
తను రాసిన రెండో వాక్యాన్ని తనే కొట్టేసింది.
‘బాగుంది’ని కూడా కొట్టబోయి, ఆగి, వదిలేసింది.
వచ్చేవారం సెమికోలన్, అంది క్లాసుతో,
గొంతు సవరించుకుని.
అదేం చేస్తుంది, హేమిన్ అడిగాడు.
కలపదు. విడదీయదు. పక్కన కూర్చుంటుంది.
తాడు చుట్టి సంచీలో పెట్టేసుకుంది.

ఎనిమిదీ పదికి బస్సు.
డాక్ వైపు నుంచి గాలి, ఉప్పూ డీజిలూ కలిసిన వాసన.
నా చేతులకి హాడక్ వాసన ఎటూ ఉన్నదే.
డబ్బాలో బానిత్సా ముక్క మిగిలింది, విరిచాను.
నాకొచ్చిన ఇంగ్లీషు నాకొచ్చినట్టే బయటికొచ్చింది.
తిను.
చలి. జిప్పు వేసుకో.

వాడు కొరికి, నమిలి,
లోపలి జున్నుని వీధిదీపం కిందకి పెట్టి చూశాడు.
ఇదేమిటి? అన్నాడు.
ఎవరు చేశారు? నువ్వేనా?
నాలుగు నెలల్లో
వాడు ఎవరినైనా ఏదైనా అడగడం
నేను మొదటిసారి వినడం.

బస్సు వచ్చింది.